హ్యూమన్ డెవలప్‌మెంట్ డిగ్రీ చేశాక ఏ దారి పట్టాలి, ఎలా తేల్చుకోవాలి

"డిగ్రీలో హ్యూమన్ డెవలప్‌మెంట్ చేశాను, ఇప్పుడు ఎమ్మెస్సీకి వెళ్లాలా, బీఈడీ చేయాలా, సైకాలజీకి మారిపోవాలా, లేక గ్రూప్స్‌కి కూర్చోవాలా?" ఫలితాలొచ్చే రోజుల్లో ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూ ఉంటుంది. దానికి తోడు ఇంట్లో ఇంకో టెన్షన్, చుట్టాలెవరైనా వచ్చి "అదేం కోర్సమ్మా, అంగన్‌వాడీ ఉద్యోగానికా?" అని అడిగితే చెప్పడానికి ఒక్క వాక్యం దొరకదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మనిషి ఎదుగుదల గురించి చదివే ఈ సబ్జెక్టు హోమ్ సైన్స్‌లో, అంటే ఇప్పటి కమ్యూనిటీ సైన్స్‌లో, ఒక భాగం. ఇది ముఖ్యంగా మన రెండు రాష్ట్రాల్లో సైఫాబాద్, గుంటూరు కాలేజీల్లో నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ చదివినవాళ్లకు, మామూలు డిగ్రీ కాలేజీలో మూడేళ్ల హోమ్ సైన్స్ చేసినవాళ్లకు, ఎమ్మెస్సీ కూడా అయిపోయి ఇంకా ఆలోచిస్తున్నవాళ్లకు.

ముందే ఒక మాట. చాలామంది కోర్సు పేరు పట్టుకుని మొదలుపెడతారు, "ఫలానా డిప్లొమా బాగుందట" అని చేరిపోయి, చివర్లో ఉద్యోగ ప్రకటన చూస్తే అందులో ఆ డిప్లొమా పేరే ఉండదు. మీరు వెనక నుంచి ముందుకు రండి. ముందు ఉద్యోగం, తర్వాత ఆ ఉద్యోగం అడిగే అర్హత, ఆ తర్వాతే కోర్సు. కింద ఉన్న అడుగులన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్, టీసీ
- మీరు చదివిన సిలబస్ కాపీ, క్రెడిట్లతో సహా, కాలేజీ ముద్ర వేయించినది. కాలేజీ వదిలాక దీనికోసం తిరగడం నరకం, ఇప్పుడే తీసుకోండి
- ఇంటర్న్‌షిప్, ఫీల్డ్‌వర్క్, స్టూడెంట్ రెడీ (వ్యవసాయ విశ్వవిద్యాలయాల చివరి ఏడాది ప్రాక్టికల్ శిక్షణ) కార్యక్రమంలో చేసిన పనికి సర్టిఫికెట్లు. ఎన్ని గంటలు, ఏ వయసు పిల్లలతో, ఎవరి పర్యవేక్షణలో అనేది అందులో ఉండేలా రాయించుకోండి
- స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం లేదా ఈడబ్ల్యూఎస్ పత్రాలు
- ఒక నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో, ప్రకటనలు రాసుకోవడానికి

1. మీ పట్టా మీద ఏం రాసి ఉందో అక్షరం అక్షరం చదవండి

నవ్వకండి, సగం సమస్యలు ఇక్కడే పుడతాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఐదో డీన్స్ కమిటీ సిఫార్సుల తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ డిగ్రీ పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారింది. చదివే విషయంలో పెద్ద తేడా లేకపోయినా మీ పట్టా మీద ఒక పేరు, నోటిఫికేషన్‌లో ఇంకో పేరు ఉంటాయి. హ్యూమన్ డెవలప్‌మెంట్ అనేది చాలాసార్లు డిగ్రీ పేరులోనే ఉండదు, ఎలెక్టివ్‌గానో స్పెషలైజేషన్‌గానో మెమోలో ఒక మూలన ఉంటుంది.

చేయాల్సింది: మీ డిగ్రీ పేరు, ఎన్నేళ్లు, రెగ్యులరా దూరవిద్యా, స్పెషలైజేషన్ ఎక్కడ రాసి ఉంది అనే నాలుగూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. పేరు తేడా ఉంటే మీ విశ్వవిద్యాలయం నుంచి "ఈ డిగ్రీ హోమ్ సైన్స్‌తో సమానం" అనే ఈక్వివలెన్స్ పత్రం తెచ్చుకోండి. నోటిఫికేషన్ వచ్చాక వెళ్తే సమయం సరిపోదు, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచాక వెళ్తే మరీ ఆలస్యం.

2. ఎవరితో పని చేయాలనుంది, అది తేల్చుకోండి

హ్యూమన్ డెవలప్‌మెంట్ అంటే గర్భం నుంచి వృద్ధాప్యం వరకు అంతా ఉంటుంది కాబట్టి "పిల్లలంటే ఇష్టం" అనే మాట సరిపోదు. మూడేళ్ల పిల్లలు ఇరవైమంది ఉన్న గదిలో రోజంతా ఉండడం ఒక పని. మాట రాని ఒక్క పిల్లాడితో నెలల తరబడి అదే అభ్యాసం చేయించడం ఇంకో పని. కౌమారంలో ఉన్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు చెప్పేది ఓపిగ్గా వినడం మరొకటి. పిల్లల కోసం పనిచేసే ఆఫీసులో రిపోర్టులు, తనిఖీలు, మీటింగుల మధ్య ఉండడం పూర్తిగా వేరే బతుకు. ఇక చదువు చెప్పడం, పరిశోధన ఎలాగూ ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఇది తేలదు. ఒక ప్లేస్కూలు లేదా అంగన్‌వాడీ, ఒక థెరపీ సెంటర్, ఒక స్వచ్ఛంద సంస్థ, ఈ మూడుచోట్లా అనుమతి తీసుకుని కొద్దిరోజులైనా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండండి. మధ్యాహ్నం మూడింటికి మీకు ఎలా ఉందో చూసుకోండి. పొద్దున్న పదింటికి అందరికీ ఉత్సాహంగానే ఉంటుంది.

3. ప్రభుత్వ ఉద్యోగాలు: ఉన్నాయి, కానీ లెక్క తెలుసుకుని దిగండి

మన డిగ్రీకి సూటిగా సరిపోయేవి మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉంటాయి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్, అంటే ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్, ఆ పైన ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీఓ. తెలంగాణలో 2022లో టీఎస్‌పీఎస్సీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్ గ్రేడ్-1 పోస్టులు 181కి, సీడీపీఓ పోస్టులు 23కి నోటిఫికేషన్లు ఇచ్చింది. ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్‌కు హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి డిగ్రీలు అడిగారు. అంటే మనకు పోటీ మన క్లాస్‌మేట్లు మాత్రమే కాదు.

సీడీపీఓలు ఎందుకింత తక్కువ అంటే, పోస్టు ప్రాజెక్టుకు ఒకటి. తెలంగాణలో ఐసీడీఎస్ ప్రాజెక్టులు 149, ఆంధ్రప్రదేశ్‌లో 257. అందులో కొన్ని పదోన్నతితో నిండుతాయి. మిగిలినవి ఎప్పుడు ఖాళీ అవుతాయో, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని సీడీపీఓ ఒక్కటే లక్ష్యం అని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కన గది తీసుకుని ఏళ్లు గడపడం నాకైతే నచ్చదు. చదవండి, కానీ పక్కన ఉద్యోగమో పీజీయో నడుస్తూ ఉండాలి.

చాలామంది అసలు చూడనివి ఇంకొన్ని ఉన్నాయి.

మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల రక్షణ పథకం కింద ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. అక్కడ ప్రొటెక్షన్ ఆఫీసర్, కౌన్సెలర్, ఔట్‌రీచ్ వర్కర్ లాంటి కాంట్రాక్టు పోస్టులు వస్తాయి. శిశుగృహల్లో, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్లలో కూడా. వీటి ప్రకటన జిల్లా వెబ్‌సైట్‌లోనో, లోకల్ ఎడిషన్‌లో చిన్న వార్తగానో వస్తుంది, గడువు చాలా తక్కువ ఉంటుంది. మీ జిల్లా, పక్క జిల్లాల వెబ్‌సైట్లలో నియామకాల పేజీని వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి. జాగ్రత్త: ఇవి కాంట్రాక్టు, లేదా ఔట్‌సోర్సింగ్. రెగ్యులర్ చేస్తారనే మాట నమ్మి చేరకండి. అనుభవం కోసం చేరండి, ఆ అనుభవానికి విలువ ఉంది.

ఆ విలువ ఎక్కడ ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణ. బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతల్లో 2021 సవరణ తర్వాత జువెనైల్ జస్టిస్ చట్టం 27వ సెక్షన్‌లో హ్యూమన్ డెవలప్‌మెంట్ డిగ్రీ పేరు పెట్టి మరీ ఉంది. దానితోపాటు పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్ల పని అడుగుతారు. ఇప్పుడే వచ్చేది కాదు, కానీ ఈ రోజు చేసే పనికి సర్టిఫికెట్ దాచుకోవాలి అని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

ఎమ్మెస్సీ చేసినవాళ్లకు కృషి విజ్ఞాన కేంద్రాల్లో హోమ్ సైన్స్ సబ్జెక్ట్ మ్యాటర్ స్పెషలిస్ట్ పోస్టులు ఉంటాయి. ఊళ్లలో పని, మహిళా సంఘాలతో శిక్షణ కార్యక్రమాలు ఎక్కువ, పిల్లలతో పని తక్కువ. అది తెలుసుకుని వెళ్లండి.

4. ఎమ్మెస్సీ ఎక్కడ, ఎందుకు

మన దగ్గర సైఫాబాద్ కాలేజీలో హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ పీజీ ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ విభాగాలున్నాయి, ఆ ఏడాది ఏ స్పెషలైజేషన్‌లో సీట్లు ఇస్తున్నారో ప్రాస్పెక్టస్‌లో చూడండి. బయటికి వెళ్లగలిగితే బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీ, ముంబై ఎస్ఎన్‌డీటీ, కోయంబత్తూరు అవినాశిలింగం. ఈ సబ్జెక్టులో ఇవి పాత పేర్లు.

విద్యారంగంలోకి వెళ్లాలనుకుంటే అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ ఎడ్యుకేషన్, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం బాల్య విద్య ఎంఏ. ఏ డిగ్రీ వాళ్లయినా దరఖాస్తు చేయొచ్చు. టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), లేడీ ఇర్విన్ లాంటి చోట్లకు జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి, అజీం ప్రేమ్‌జీకి వాళ్ల సొంత పరీక్ష ఉంటుంది. సీయూఈటీ పీజీ పరీక్ష మార్చిలో ఉంటుంది కాబట్టి దరఖాస్తు అంతకు ముందే, చలికాలంలోనే. డిగ్రీ రిజల్ట్ వచ్చాక చూద్దాం అనుకుంటే ఒక ఏడాది పోయినట్టే. చివరి సెమిస్టర్‌లో ఉండగానే రాయొచ్చు.

సీటు తీసుకునే ముందు ఆ విభాగానికి ఫోన్ చేసి ఇవి అడగండి: లాబ్ నర్సరీ స్కూల్ (విద్యార్థుల ప్రాక్టికల్స్ కోసం విభాగమే నడిపే నర్సరీ) నడుస్తోందా, మూతపడిందా? ఫీల్డ్ ప్లేస్‌మెంట్ ఎన్ని వారాలు? పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమంది? కిందటి బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇప్పించగలరా? పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు "అందరూ సెటిలయ్యారు" అనే జవాబు వస్తే అది జవాబు కాదు, పేర్లు అడగండి.

లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది. మనకు సబ్జెక్టు హోమ్ సైన్స్. ఇక్కడ జరిగే పొరపాటు: "నాది హ్యూమన్ డెవలప్‌మెంట్ కదా" అని ఆ భాగం మాత్రం బట్టీపట్టి వెళ్లడం. పేపర్-2లో పది యూనిట్లుంటే సూటిగా మనవి రెండే, చైల్డ్ లేదా హ్యూమన్ డెవలప్‌మెంట్ ఒకటి, చైల్డ్‌హుడ్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ ఒకటి. మిగతావి ఆహారం, పోషణ, వస్త్రాలు, హౌసింగ్, ఎక్స్‌టెన్షన్ వగైరా. డిగ్రీ మొదటి రెండేళ్ల నోట్సు అమ్మేసినవాళ్లు అప్పుడు ఏడుస్తారు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి 150 ప్రశ్నలకూ జవాబు పెట్టి రండి.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే 2024 నుంచి పీజీ లేకుండానే జేఆర్ఎఫ్‌కీ (పరిశోధన ఫెలోషిప్) పీహెచ్‌డీకీ నెట్ రాయొచ్చు. అయితే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మాత్రం పీజీ కావాల్సిందే, ఈ రెండూ కలిపి చదువుకుని కంగారు పడకండి. మూడేళ్ల డిగ్రీవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

5. స్పెషల్ ఎడ్యుకేషన్, ఎర్లీ ఇంటర్వెన్షన్: ఉద్యోగం త్వరగా దొరికే దారి, లైసెన్సుతో

స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం, ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటే ఎదుగుదలలో తేడా ఉన్న చిన్నపిల్లలకు ముందుగానే సాయం చేయడం. నన్నడిగితే పిల్లలతో నేరుగా పని చేయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇది. ఎదుగుదల మైలురాళ్లు, పరిశీలన, ఆటతో నేర్పడం, తల్లిదండ్రులతో మాట్లాడడం ఇవన్నీ మీరు చదివేశారు. లేనిదల్లా వైకల్యం ఉన్నవాళ్లతో చేసే వృత్తులను నియంత్రించే రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ గుర్తింపు.

మన అదృష్టం ఏమిటంటే ఈ రంగంలో జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ. పాతవాళ్లకు ఎన్ఐఎంహెచ్ అంటే తెలుస్తుంది, 1984లో మొదలైంది. అక్కడ ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఈడీ, ఎంఈడీ, ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో పీజీ డిప్లొమా లాంటివి ఉన్నాయి. ఒక్కోదానికి అడిగే డిగ్రీ వేరు, ప్రాస్పెక్టస్‌లో అర్హత పేరా చదివాకే ఫీజు కట్టండి.

స్పెషల్ బీఈడీకి గిరాకీ ఎందుకు పెరిగిందంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్పెషల్ టీచర్లను నియమించాలని 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలంగాణ డీఎస్సీ 2024లో మొత్తం 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796 ఉన్నాయి. ప్రైవేటు థెరపీ సెంటర్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వీధికొకటి వెలిశాయి, వాళ్లకు మనుషులు కావాలి.

ఇక్కడ మూడు హెచ్చరికలు.

మొదటిది, "ఆర్‌సీఐ గుర్తింపు ఉంది" అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సంస్థల జాబితా ఉంటుంది, అందులో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి, మూడూ చూడండి. సంస్థకు అనుమతి ఉండి మీరు చేరే కోర్సుకు లేకపోవచ్చు.

రెండోది, ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూపించి "మీరిక థెరపిస్టే" అనేవాళ్లు. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. అలాంటి సెంటర్లో చేరితే మీ పేరు మీద పిల్లల రిపోర్టులు రాయిస్తారు, తేడా వస్తే తల్లిదండ్రులు మీ సంతకం చూపిస్తారు. ఒకవేళ అనుభవం కోసం చేరాల్సి వస్తే రిజిస్టర్డ్ మనిషి కింద సహాయకురాలిగా చేరండి, రిపోర్టు మీద ఆమె సంతకమే ఉండాలి.

మూడోది, కోర్సు అయ్యాక సీఆర్ఆర్ (ఆర్‌సీఐ కేంద్ర రిజిస్టర్) నంబరు తీసుకోకుండా ఊరుకోవడం. దరఖాస్తు వెంటనే పెట్టండి. ఆ తర్వాత రెన్యువల్‌కు సీఆర్ఈ పాయింట్లు, అంటే వృత్తిలో ఉండగా తీసుకునే శిక్షణలకు ఇచ్చే పాయింట్లు, కావాలి, వాటి సర్టిఫికెట్లు కూడా దాచుకోండి.

6. సైకాలజీ, కౌన్సెలింగ్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

"మేం కూడా పియాజే, ఎరిక్సన్ లాంటి మనస్తత్వవేత్తల సిద్ధాంతాలు చదివాం కదా, క్లినికల్ సైకాలజిస్ట్ కావచ్చా?" సూటిగా కాలేరు. క్లినికల్ సైకాలజీకి సైకాలజీలోనే పీజీ అడుగుతారు, హ్యూమన్ డెవలప్‌మెంట్ పీజీ దాని బదులు చెల్లదు. పైగా ఎంఫిల్‌ను యూజీసీ ఆపేసింది, క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు మాత్రం 2025-26 దాకా గడువు పొడిగించింది. ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెచ్చింది. కాబట్టి ఐదేళ్ల కిందట కోర్సు పూర్తి చేసిన సీనియర్ చెప్పిన దారి మీకు వర్తించకపోవచ్చు. ఆర్‌సీఐ తాజా నోటీసు చదివి నిర్ణయించుకోండి.

దారి మార్చుకోవాలంటే డిగ్రీ తర్వాతే మార్చుకోండి, ఎమ్మెస్సీ హ్యూమన్ డెవలప్‌మెంట్ చేసి, మళ్లీ ఎంఏ సైకాలజీ చేస్తే ఊరికే రెండేళ్లు. దూరవిద్యలో ఇగ్నో ఎంఏ సైకాలజీకి ఏ డిగ్రీ అయినా సరిపోయేది, కానీ సైకాలజీ దూరవిద్య కోర్సుల్లో కొత్త ప్రవేశాలను 2025లో యూజీసీ ఆపేసింది. పైగా తర్వాత క్లినికల్ వైపు వెళ్లాలనుంటే చాలా సంస్థలు రెగ్యులర్ పీజీ అడుగుతాయి. చేరే ముందే మీరు వెళ్లాలనుకున్న సంస్థ ప్రాస్పెక్టస్ తెరిచి ఈ ఒక్క వాక్యం వెతకండి.

కౌన్సెలింగ్ వేరు. కుటుంబాలతో పని ఇష్టమైతే కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీ మన సబ్జెక్టుకు బాగా దగ్గర. ఇగ్నో ఇందులో పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ నడిపింది, ఇప్పుడు ప్రవేశాలు ఇస్తున్నారో లేదో చూసుకోండి. స్కూల్ కౌన్సెలర్‌గా వెళ్లాలంటే ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా మంచిది. సీబీఎస్ఈ స్కూళ్లకు కౌన్సెలర్ ఉండాలనే నిబంధన ఉంది, అర్హతలు మారుతుంటాయి కాబట్టి సీబీఎస్ఈ అఫిలియేషన్ నిబంధనల తాజా ప్రతిలో చూసుకోండి. ఇంటర్వ్యూలో ఒకటి అడిగి తీరాలి: "కౌన్సెలర్‌గా తీసుకుంటున్నారా, లేక ఖాళీ పీరియడ్లకు పంపే టీచర్‌గానా?" మర్యాదగానే అడగండి, ప్రత్యేక గది ఉందా అని అడిగితే సగం తెలిసిపోతుంది.

7. టీచింగ్

బీఈడీకి ఎడ్‌సెట్ రాయొచ్చు, బీఎస్సీ హోమ్ సైన్స్ వాళ్లకు తెలంగాణలో అవకాశం ఉంది. చూసుకోవాల్సింది మెథడాలజీ. మీ డిగ్రీలో ఏ సబ్జెక్టులున్నాయో దాన్ని బట్టే మెథడ్, ఆ మెథడ్‌ను బట్టే తర్వాత డీఎస్సీ పోస్టు. ఏదో ఒకటి అని ఎంచుకుంటే ఆఖర్న ఏ పోస్టుకూ పనికిరాదు.

ప్రీస్కూలుకు వెళ్లేవాళ్లు ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్), మాంటిస్సోరి అని వచ్చే ప్రకటనల దగ్గర ఆగండి. ప్రైవేటు ప్లేస్కూళ్లు చాలావరకు అవి తీసుకుంటాయి. ప్రభుత్వ నియామకాల్లో మాత్రం జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపు చూస్తారు. నాలుగేళ్లు ఇదే సబ్జెక్టు చదివిన మీకు ఇంకో చిన్న సర్టిఫికెట్ నిజంగా అవసరమా అనేది కూడా ఆలోచించండి.

8. ప్రైవేటు, ఎన్జీవో: రెజ్యూమె తిరగరాయండి

హైదరాబాద్‌లో ఒక పెద్ద అవకాశం క్రెష్‌లు, అంటే ఉద్యోగుల చిన్నపిల్లలను చూసుకునే కేంద్రాలు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలనే నిబంధనను 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం తెచ్చింది. ఐటీ కారిడార్‌లో డేకేర్ సంస్థలు పెరగడానికి అదో కారణం. సెంటర్ మేనేజర్, కరికులమ్ కోఆర్డినేటర్, టీచర్ ట్రైనర్ పోస్టులు మీకు సరిపోతాయి. ఇవి కాక పిల్లల యాప్‌లకు కంటెంట్, బొమ్మల డిజైన్, బాలల హక్కుల సంస్థలు, అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రాజెక్టులు. కేంద్రం 2023లో "పోషణ్ భీ పఢాయీ భీ" మొదలుపెట్టాక అంగన్‌వాడీల్లో చదువు వైపు శిక్షణ పెరిగింది, తెలుగులో మాడ్యూల్ రాయగలిగినవాళ్లు తక్కువమంది ఉన్నారు. మీకు మంచి తెలుగు రాయడం వస్తే దాన్ని రెజ్యూమెలో పైనే పెట్టండి.

హెచ్ఆర్ వాళ్లకు మన డిగ్రీ పేరు చూస్తే ఏమీ అర్థం కాదు, కొందరు హ్యూమన్ రిసోర్స్ అనుకుంటారు కూడా. కాబట్టి పేరు కాదు, పని రాయండి.

ఇలా రాయకండి: "లాబ్ నర్సరీలో ఇంటర్న్‌షిప్ పూర్తి చేశాను. పిల్లలంటే ఆసక్తి. కష్టపడే తత్వం."

ఇలా రాయండి: "మూడు నుంచి ఐదేళ్ల పిల్లల తరగతిలో ఒక సెమిస్టర్ పనిచేశాను. వారం ప్రణాళిక రాశాను, పరిశీలన రికార్డులు నడిపాను, తల్లిదండ్రుల సమావేశం ఒకటి నేనే నిర్వహించాను. ట్రివేండ్రం డెవలప్‌మెంటల్ స్క్రీనింగ్ చార్ట్, వైన్‌ల్యాండ్ స్కేల్ వాడకం పర్యవేక్షణలో నేర్చుకున్నాను."

"పర్యవేక్షణలో" అనే మాట తీసేయకండి. పరీక్ష చేయడం చూడడం ఒకటి, ఫలితం చెప్పే అర్హత ఇంకొకటి, ఇంటర్వ్యూలో తెలిసినవాళ్లుంటే అక్కడే పట్టేస్తారు.

జీతం గురించి నిజం మాట్లాడుకుందాం. ప్లేస్కూళ్లలో మొదటి జీతం చూస్తే నిరుత్సాహం వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో చేరిన తమ్ముడితో పోల్చే అత్తయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. తరగతి గది నుంచి ట్రైనర్, కోఆర్డినేటర్ స్థాయికి రెండు మూడేళ్లలో జరిగే అవకాశం ఉందో లేదో చేరేటప్పుడే అడగండి. లేకపోతే అనుభవం సంపాదించుకుని వేరే చోటికి వెళ్లండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే చోట మాత్రం చేరకండి.

9. విదేశాలు

అమెరికాలో ఈ సబ్జెక్టు హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్, లేదా ఫ్యామిలీ సైన్స్ పేరుతో పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉంది, పెన్ స్టేట్, పర్డ్యూ, విస్కాన్సిన్ లాంటివి. నాలుగేళ్ల డిగ్రీవాళ్లకు కొంత సులువు, మూడేళ్ల డిగ్రీని కొన్ని చోట్ల ఒప్పుకోరు, దరఖాస్తు ఫీజు కట్టే ముందే గ్రాడ్యుయేట్ ఆఫీసుకు మెయిల్ పెట్టి అడగండి. అప్పు చేసి మాస్టర్స్‌కి వెళ్లే ముందు అసిస్టెంట్‌షిప్ ఉన్న పీహెచ్‌డీ ప్రోగ్రాములు చూడండి, అక్కడ నేరుగా పీహెచ్‌డీకి తీసుకునే విభాగాలు చాలానే ఉన్నాయి.

కన్సల్టెన్సీవాళ్లు చెప్పనిది: ప్రోగ్రాముకు ఒక సీఐపీ కోడ్ ఉంటుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే చదువయ్యాక అక్కడ పని చేయనిచ్చే 12 నెలల ఓపీటీ తర్వాత ఇంకో 24 నెలలు దొరుకుతాయి. చూడడానికి ఒకేలా ఉన్న రెండు ప్రోగ్రాములకు వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. కోడ్ ఏమిటో విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకుని, ప్రభుత్వ జాబితాలో మీరే చూసుకోండి.

ఆస్పత్రిలో ఉన్న పిల్లలతో పని చేసే చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ వృత్తి అక్కడ బాగా స్థిరపడింది, దానికి 600 గంటల క్లినికల్ ఇంటర్న్‌షిప్, పరీక్ష ఉంటాయి. ఆస్ట్రేలియా, కెనడాల్లో చిన్నపిల్లల టీచర్‌గా వెళ్లాలంటే వాళ్ల రిజిస్ట్రేషన్ నిబంధనలు వేరు, మన డిగ్రీ ఒక్కటి చాలదు.

10. సరిగ్గా వెళ్తున్నారో లేదో చూసుకోవడం

దారి ఎంచుకున్నాక ఈ చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు చేరబోయే కోర్సు పూర్తయిందనుకుని, ఆ అర్హతతో ఈ రోజే దరఖాస్తు చేయగలిగే ఐదు నిజమైన ప్రకటనలు నోట్‌బుక్‌లో అతికించండి. ఐదు దొరక్కపోతే ఆ కోర్సు గురించి మళ్లీ ఆలోచించాలి. దొరికితే వాటిలో అర్హత అని రాసిన వాక్యం కింద గీత గీసి, మీ కోర్సు పేరుతో అక్షరాలా కలుస్తోందా చూడండి.

చేరిన మూడు నెలలకు మళ్లీ చూడండి. పిల్లలతోనో కుటుంబాలతోనో గడిపిన గంటలు పెరుగుతున్నాయా, లేక పీపీటీలు మాత్రమే పెరుగుతున్నాయా? మీ పని చూసి సిఫార్సు ఉత్తరం రాయగలిగినవాళ్లు కనీసం ఇద్దరున్నారా? ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూ ఉంటే, ఒక్క పిలుపు కూడా రాకపోతే లోపం రెజ్యూమెలో ఉంది. పిలుపులు వచ్చి ఇంటర్వ్యూలో ఆగిపోతుంటే లోపం చెప్పే తీరులో ఉంది, "ఒక పిల్లాడు రోజూ పక్కవాళ్లను కొరుకుతున్నాడు, ఏం చేస్తారు?" లాంటి ప్రశ్నలకు సిద్ధాంతం కాకుండా మీరు చేసే పని వరుసగా చెప్పడం ప్రాక్టీస్ చేయండి. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగితే ఒకటో అడుగుకు వెళ్లండి.

ఈ ఏడాది ఏ సీటూ రాలేదనుకోండి. ఖాళీగా ఉండి కోచింగ్‌కు మాత్రమే వెళ్లకండి. ఏదైనా ఒక సెంటర్లో వారానికి మూడు రోజులైనా పని చేస్తూ, నెలాఖరున వాళ్ల లెటర్‌హెడ్ మీద గంటలు రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి. అలా రాసివ్వం అనే చోట మొదటి నెలతోనే మానేయండి.